పల్లకీలో రెండోవాడు

ఏ కాలమని అడక్కండి, ఏ దేశమని అడక్కండి. రాజులు పల్లకీల్లో తిరిగే రోజులు, అంతవరకే నాకు తెలుసు. నల్లకోట అని ఒక చిన్న రాజ్యం ఉండేది. కోట వెనకే కొండ, కొండమీద నరసింహస్వామి గుడి. ఆ రాజ్యాన్ని గంభీరభూపతి అనే రాజు ఏలుతుండేవాడు.

మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే గర్వమొకటి, ఒళ్ళొకటి, రెండూ ఏటేటా పెరుగుతూ వచ్చాయి. గర్వాన్ని ఎవరూ భుజాన మొయ్యరు కాబట్టి ఊరు ఊరుకుంది. చిక్కంతా ఒంటితోనే వచ్చింది.

పెరగదూ మరి? ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. విస్తరి ముందు కూర్చున్న రాజు "చాలు" అనకూడదు. యుద్ధంలో అనని మాట భోజనంలో అంటామా అని ఏ ముత్తాతో మీసం మెలేశాడట, అప్పట్నుంచి అది శాసనమైపోయింది. వడ్డించేవాడు ఆపకూడదు, తినేవాడు ఆపమనకూడదు. గిన్నెలు ఖాళీ అయితేనే భోజనం అయినట్టు. ఆ ముత్తాత రోజూ గుర్రమెక్కి పది ఆమడలు తిరిగేవాడన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

గంభీరభూపతి తనవంతుగా ఇంకో ఆచారం చేర్చాడు. రాజపాదం నేల తాకకూడదు. పడకగది నుంచి స్నానాల గదికి పల్లకీ, అక్కణ్ణుంచి పూజకి పల్లకీ, పూజ నుంచి కొలువుకి పల్లకీ. పట్టాభిషేకం నాడు నలుగురు బోయీలు మోశారు. తర్వాత ఎనిమిది మంది అయ్యారు. పన్నెండో ఏడు వచ్చేసరికి పన్నెండు మంది. రాజవైద్యుడొకాయన ధైర్యం చేసి, "ప్రభూ, కొంచెం తగ్గించి తినండి, కొంచెం నడవండి" అన్నాడు. మర్నాడే ఆయన్ని ఊరు దాటించారు. రాజు నిండుగా ఉంటేనే రాజ్యం నిండుగా ఉంటుందని ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి శ్లోకం చదివి మరీ తేల్చేశాడు. అది ఏ గ్రంథంలోదో అడిగినవాడు లేడు.

ఈ రాజుగారికి ఒక్క బలహీనత ఉంది. తెలియని సంగతి ఉందంటే నిద్రపట్టదు. ఒకసారి గోడలో చీమలు ఎక్కడికి పోతున్నాయో చూడాలని సగం గోడ తవ్వించారు. ఈ సంగతి బాగా తెలిసినవాడు వెంగన్న. పల్లకీ ముందు నడుస్తూ రాజుగారి బిరుదులు ఎలుగెత్తి చదవడం అతని కొలువు. పన్నెండేళ్ళుగా బోయీల పక్కనే నడిచాడు గనక వాళ్ళ ఆయాసం అతనికి తెలుసు, వాళ్ళ ఇళ్ళలో గంజీ అతనికి తెలుసు.

ఏటా రెండుసార్లు, చైత్ర పున్నమికీ విజయదశమికీ, రాజుగారు కొండెక్కాలి. మధ్యదారిలో పల్లకీ నేల తాకితే అపచారం. ఆ ఏడు చైత్ర పున్నమినాడు మూడో మలుపు దగ్గర బోయీల పెద్ద తిరుపాలుకి మోకాలు మడతపడింది. యాభై ఏళ్ళ మనిషి. రాజుగారిని లోయలో పడెయ్యడం కంటే దించడమే నయమనుకుని పల్లకీని నెమ్మదిగా నేలమీద పెట్టాడు.

అంతే. "అపచారం" అన్నాడు పేరిశాస్త్రి. "మోసిన పన్నెండు కుటుంబాలూ పొద్దుగూకేలోగా రాజ్యం విడిచిపోవాలి. అదే పరిహారం."

రాజుగారు సరేనన్నారు. తిరుపాలు కిందున్న ఊరి వైపు చూశాడు. పుట్టిన ఊరు, కట్టుకున్న పూరిళ్ళు, మంచం దిగలేని తల్లి. ఎక్కడికి పోతాడు?

అప్పుడు వెంగన్న ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, మోసినవాళ్ళని వెళ్ళగొడుతున్నారు, బాగానే ఉంది. మరి చెప్పాపెట్టకుండా ఎక్కినవాణ్ణి ఏం చేస్తారు?"

"ఎక్కింది నేనే కదయ్యా."

"తమరు సరే ప్రభూ. తమతోపాటు ఎక్కుతున్న రెండోవాడి సంగతి అడుగుతున్నాను."

రాజుగారు దిండుమీంచి లేచి కూర్చున్నారు. "నా పల్లకీలో రెండోవాడా?"

"కొన్నేళ్ళుగా ఎక్కుతున్నాడు. కంటికి కనబడడు. కానీ బోయీ భుజానికి తెలుస్తాడు."

"ఇలాంటిది ఏ శాస్త్రంలోనూ లేదు" అన్నాడు పేరిశాస్త్రి.

"అందుకే శాస్త్రిగారికి తెలియలేదు ప్రభూ" అన్నాడు వెంగన్న. "బోయీల భుజం మాట నమ్మకపోతే తమరే పరీక్ష చేసి చూడండి."

రాజుగారికి ఇక కాలు నిలవలేదు. తీర్పు ఒక పూట ఆపి, కోటకి రాగానే వంటశాల నుంచి సన్నికల్లు పొత్రం ఒకటి రహస్యంగా తెప్పించుకున్నారు. దాన్ని తన చేత్తోనే పల్లకీలో ఎడమ కాలి దిండు కింద దాచి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. బోయీలు ఎత్తారు. నాలుగడుగులు వేశారో లేదో తిరుపాలు ఆగాడు.

"సామీ, ఇయ్యాల నాలుగు వీసెలు ఎక్కువుండాది. ఎడంపక్క, కాళ్ళకాడ."

రాజుగారు నోరు వెళ్ళబెట్టారు. పొత్రాన్ని కుడివైపు తలగడ కిందకి మార్చి చూశారు. "తలకాడికి పోయింది సామీ" అన్నాడు తిరుపాలు. తీసేసి చూశారు. "దిగిపోయింది సామీ" అన్నాడు.

"సరే, ఆ రెండోవాడి మాటేమిటి? నిజం చెప్పు."

తిరుపాలు వెంగన్న వైపు చూశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నట్టు వెంగన్న తలాడించాడు.

"పట్టాబిసేకం నాడు తమర్ని మోసింది నేనే సామీ. ఆ బరువు నా బుజానికి ఇంకా గురుతే. అది తమరు. దాని మీదుండేది ఎవురో నాకు తెల్దు. బాగా మేసిన పొట్టేలంత ఉంటాడు."

"పొట్టేలంత వాడు నా పల్లకీలో ఉంటే నాకు తెలియలేదా" అని రాజుగారు గడ్డం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. కోపం రాలేదు, అదీ వింత. గోడలో చీమల్ని చూసిన కళ్ళతో తన పల్లకీని చూసుకుంటున్నారు.

"వాణ్ణి పట్టాలి" అన్నారు చివరికి. "వెంగన్నా, విజయదశమి దాకా గడువు. వాణ్ణి నా ముందు నిలబెట్టావా, బోయీలు నిర్దోషులు. లేదా, ఆ పన్నెండు కుటుంబాలతో నువ్వు కూడా నడువు."

ఆరు నెలలు. తిరుపాలు ఇంటికొచ్చి, "ఏందయ్యా వెంగన్నా, లేనోణ్ణి పట్టిస్తానంటివి" అని తల పట్టుకున్నాడు. వెంగన్న నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ పూట అతనికీ అన్నం దిగలేదు.

మర్నాడు భోజనాల వేళకి వెంగన్న రాజుగారి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాడు ముందు ఎక్కేది పల్లకీలో కాదు ప్రభూ, ఇక్కడే. తమ విస్తట్లోనే వాడూ తింటాడు."

"ఎలా కనిపెట్టడం?"

"తేలికే. తమ నోట్లో పెట్టుకున్న ముద్ద రుచి తమకి తెలుస్తుంది కదా. ఉప్పు చాలిందా, పులుపు ఎక్కువైందా అన్నీ తెలుస్తాయి. ఏ ముద్ద రుచి తెలియకుండా గొంతు దిగిందో అది వాడు తిన్నదన్నమాట. తమ ఆకలి తీరేదాకా వాడు తలుపు దగ్గర కాచుకుని ఉంటాడు. తీరగానే వచ్చి కూర్చుంటాడు."

ఆ రోజు భోజనం చూడాల్సిందే. రాజుగారు ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమలడం, తర్వాత కళ్ళు తెరిచి అటూ ఇటూ చూడడం. వంటాయన గరిటె గాల్లో పట్టుకుని బిగుసుకుపోయాడు. ముద్దపప్పు రుచి తెలిసింది. గుమ్మడికాయ పులుసు రుచి తెలిసింది, అందులో ఇంగువ కాస్త మాడిందని కూడా ఆ రోజే తెలిసింది. నాలుగు బొబ్బట్లు తెలిశాయి. అయిదోది సగం అయ్యాక రాజుగారు ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"వచ్చాడు" అన్నారు గుసగుసగా.

"ఇదే సమయం ప్రభూ. ఇప్పుడు తమరు లేచి వెళ్ళిపోతే వాడు పస్తు."

రాజుగారు చప్పున లేచి చెయ్యి కడుక్కున్నారు. "చాలు" అనలేదు గనక ఆచారం చెడలేదనుకున్నారు. నేతిగిన్నె సగం నిండుగా వెనక్కి పోవడం ఆ వంటశాల పుట్టాక అదే మొదలు.

మరో వారానికి రాజుగారికి ఇంకో అనుమానం వచ్చింది. "పస్తు పెట్టినా పల్లకీ ఎక్కుతున్నాడు కదా?"

"వాడికి నడక చేతకాదు ప్రభూ. పల్లకీ ఉంటేనే వస్తాడు. తమరు నడిచి వెళ్ళారనుకోండి, గుమ్మంలోనే ఉండిపోతాడు."

అలా పన్నెండేళ్ళ తర్వాత గంభీరభూపతి పాదం నేల తాకింది. మొదటిరోజు పడకగది నుంచి కొలువుకూటం దాకా నడిచి, మధ్యలో రెండుసార్లు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డారు. నిలబడినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశారు, వాడు వస్తున్నాడేమోనని. పదిరోజులకి ఏనుగుల సాల దాకా వెళ్ళారు. అక్కడ గున్న ఏనుగు రోజూ ఏ వేళకి నీళ్ళు తాగుతుందో చూడాలనిపించింది. ఆపైన కోటగోడ చుట్టూరా. తన కోటకి పడమట ఒక దిగుడుబావి ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. పాపం, పల్లకీ తెరలోంచి ఏం కనబడుతుంది?

శుక్రవారం శుక్రవారం మాత్రం పల్లకీ ఎక్కి ఒక చుట్టు తిరిగేవారు. దిగగానే మొదటి ప్రశ్న, "ఎంతున్నాడు తిరుపాలూ?"

"రెండు వీసెలు తగ్గినాడు సామీ."

ఇంకో శుక్రవారం, "ఈ వారం కదల్లేదు సామీ, మొండోడు." ఇంకోసారి, "మేకపిల్లంత దిగినాడు సామీ." ఆ మాట విన్న రోజు రాజుగారు కోటగోడ చుట్టూ రెండుసార్లు నడిచారు.

ఇదంతా చూస్తూ పేరిశాస్త్రి ఊరుకుంటాడా? శ్రావణమాసంలో వానలు పట్టుకున్నాయి, నడక తగ్గింది. అదను చూసి శాస్త్రి పళ్ళెం నిండా అరిసెలు పట్టుకొచ్చాడు.

"ప్రభువులు చిక్కిపోయారని జనం బెంగపెట్టుకున్నారు. విజయదశమికి తులాభారం ఉంది. పోయిన ఏడు పన్నెండు మణుగుల బెల్లం తూగారు, అదంతా జనానికి పంచాం. ఈసారి తగ్గితే జనం నోటిదగ్గర బెల్లం తీసేసినట్టు కాదా?"

ఆ మాట రాజుగారి గుండెలో గుచ్చుకుంది. తన ఒళ్ళు తన సొంతం కాదు, ప్రజలది అనిపించింది. అలా అనిపిస్తే అరిసె ఎంత కమ్మగా ఉంటుందో వేరే చెప్పాలా? పదిరోజులు అరిసెలు, పల్లకీ, పాత కథే. వెంగన్న ఏం చెప్పబోయినా సేవకులు లోపలికి రానివ్వలేదు. తిరుపాలు భార్య గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

అయినా శుక్రవారం ఆగదు కదా. రాజుగారు చుట్టు తిరిగి దిగారు. ఈసారి ప్రశ్న చిన్న గొంతుతో వచ్చింది.

"ఎంతున్నాడు?"

తిరుపాలు అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "మళ్ళా ఎక్కినాడు సామీ. ఆరు వీసెలు" అని భుజం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకున్న చోట కాయ కాచిన చర్మం చిట్లి రక్తపు జీర ఉంది. రాజుగారు దాన్నే చూస్తూ నిలబడ్డారు. వానలోనే గొడుగు పట్టించుకుని దిగుడుబావి దాకా నడిచి వెళ్ళారు. అరిసెల పళ్ళెం వచ్చిన దారినే పోయింది.

విజయదశమి వచ్చింది. కొండ అడుగున మండపంలో త్రాసు కట్టారు. ఊరు ఊరంతా చేరింది. పోయిన ఏటి లెక్కప్రకారం ఒక తట్టలో పన్నెండు మణుగుల బెల్లం పేర్చారు. గంభీరభూపతి నడిచి వచ్చి రెండో తట్టలో కూర్చున్నారు. ఆయన తట్ట పైకి లేచి గాల్లో నిలబడింది.

"చూశారా" అన్నాడు పేరిశాస్త్రి గట్టిగా, జనానికి వినబడేలా. "మూడు మణుగుల బెల్లం తీసెయ్యాలి. ఈ పాపం ఎవరిది?"

జనంలో గొణుగుడు మొదలైంది. రాజుగారు గాల్లో ఊగుతూనే, "వెంగన్నా, గడువు ఈ రోజే. వాడేడీ?" అన్నారు.

"తెచ్చాను ప్రభూ" అని వెంగన్న పక్కకి తప్పుకున్నాడు. వెనక నుంచి తిరుపాలు ఒక పొట్టేలును రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు. నల్లగా, బొద్దుగా, కొమ్ములు తిరిగిన పొట్టేలు. తిన్నగా తెచ్చి రాజుగారి ఒళ్ళో పెట్టాడు.

తట్ట కిందికి దిగింది. దిగి, బెల్లం తట్టకి సరిసమానంగా ఆగింది. పొట్టేలు మెడచాచి రాజుగారి ఉత్తరీయం అంచు నమలడం మొదలుపెట్టింది.

"బెల్లం తగ్గలేదు శాస్త్రిగారూ" అన్నాడు వెంగన్న. "పన్నెండు మణుగులూ పంచిపెట్టించండి."

రాజుగారు ఒళ్ళో ఉన్నదాన్ని ఎగాదిగా చూశారు. "వీడేనా?"

"బరువు వీడిదే ప్రభూ. ముఖం మాత్రం ఎవరిదో తమకే తెలియాలి."

రాజుగారి మీసం కింద పెదవి కదిలింది.

"ముఖం నాకు శ్రావణంలోనే తెలిసిందిలే వెంగన్నా. పైకి అంటే ఆట ఆగిపోతుందని అనలేదు. కానీ ఇంత ఉంటాడనుకోలేదు." పొట్టేలు వీపు మీద చెయ్యివేసి నొక్కి చూశారు. "ఇన్నేళ్ళూ దీన్ని నేను మోశానన్నమాట."

"తమరెక్కడ మోశారు ప్రభూ" అన్నాడు వెంగన్న. "తిరుపాలు మోశాడు."

ఈ మాట అనేశాక వెంగన్నకే చెమటలు పట్టాయి. కానీ రాజుగారి ముఖంలో కోపం లేదు. మళ్ళీ అదే, చీమల్ని చూసే చూపు.

"అయితే భుజానికి ఎలా ఉంటుందో చూడాలి" అని తట్ట దిగి, గొర్రెలకాపరులు వేసుకునేలా పొట్టేలును మెడ చుట్టూ వేసుకున్నారు. "పల్లకీ వద్దు. కొండెక్కుతున్నాను."

మొదటి మలుపు దాకా జనంతో కబుర్లు చెబుతూనే ఎక్కారు. రెండో మలుపు దగ్గర కబుర్లు ఆగాయి, తలపాగా తీసి వెంగన్న చేతికిచ్చారు. ఆపైన అడుగు అడుగుకీ ఊపిరి వినబడసాగింది. మూడో మలుపు తిరగ్గానే ఆయన మోకాలు వణికింది. ఇంకో రెండడుగులు వేశారు. తర్వాత వంగి, పొట్టేలును నెమ్మదిగా నేలమీద పెట్టి, పక్కనే కూలబడ్డారు.

పొట్టేలు హాయిగా గడ్డి మేయసాగింది. జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. రాజుగారు ఆయాసం తీర్చుకుని చుట్టూ చూశారు, పక్కనున్న బండను చూశారు.

"తిరుపాలూ, ఆ రోజు దించింది ఇక్కడేనా?"

"ఈడనే సామీ."

"నీకు నొప్పి ఎక్కణ్ణుంచి మొదలైంది?"

"రెండో మలుపుకాడ్నించీ సామీ."

"నాకూ అక్కణ్ణుంచే" అన్నారు రాజుగారు. అని పేరిశాస్త్రి వైపు తిరిగారు. "శాస్త్రిగారూ, కొండదారిలో బరువు నేల తాకింది. మోసినవాడు రాజ్యం విడిచిపోవాలి కదా?"

"అది... ఆ నియమం పల్లకీకి ప్రభూ, పొట్టేలుకి..."

"రెండుసార్లూ దిగింది ఒకడే కదండీ శాస్త్రిగారూ" అన్నాడు వెంగన్న.

ముందు రాజుగారే నవ్వారు. నేలమీద చేతులాన్చి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అది చూసి బోయీలు నవ్వారు, వెనకనున్న జనం సంగతి తెలియకుండానే నవ్వారు. నవ్వు ఆగాక రాజుగారు తన చేతి బంగారు మురుగు తీసి వెంగన్న చేతికి తొడిగారు. పన్నెండు కుటుంబాలకీ మాన్యాలు రాయించమన్నారు. తిరుపాలు చెయ్యి పట్టుకుని కాసేపటిదాకా వదల్లేదు.

"ఇకమీదట ఈ పల్లకీ ముసలివాళ్ళనీ నడవలేనివాళ్ళనీ కొండెక్కించడానికి" అన్నారు లేస్తూ. "ముందు నీ తల్లిని ఎక్కించు. ఈ మలుపు దగ్గర బరువు దించుకోవడానికి ఒక అరుగు కట్టించండి. దించినవాణ్ణి ఎందుకు దించావని ఎవడూ అడక్కూడదు."

పొట్టేలు తిరుపాలు ఇంటికి చేరింది. దాన్ని మళ్ళీ ఎవరూ తూచలేదు.

ఆ రోజు కొండమీద దర్శనమయ్యాక పూజారి రాజుగారి ఆకులో చక్కెరపొంగలి వడ్డించాడు. రాజుగారు కళ్ళు మూసుకుని తిన్నారు. పూజారి అలవాటు ప్రకారం రెండో గరిటె ఎత్తాడు. గంభీరభూపతి ఆకు మీద చెయ్యి అడ్డుపెట్టారు. ఒక్క క్షణం తటపటాయించారు, ముత్తాతలందరూ గుర్తొచ్చారేమో.

"చాలు" అన్నారు.

మర్నాటి నుంచి వెంగన్న బిరుదులు చదివేటప్పుడు, శత్రువుల్ని గెలిచినవీ దుర్గాలు పట్టినవీ అన్నీ అయ్యాక, చివర్న గొంతు ఇంకాస్త పెంచి ఒకటి చేర్చేవాడు: "చాలు అనగలిగిన మహారాజు వస్తున్నారహో." వెనక పల్లకీ ఉండేది కాదు. రాజుగారు నడిచి వస్తుండేవారు.